రోడ్డు వేసినవాడు దాంతో ఎన్నేళ్లు కాపురం చేయాలి?

2024 జూలై 1న హైదరాబాద్–విజయవాడ రహదారిపై టోల్ వసూలు ఆ రోడ్డు వేసిన జీఎంఆర్ కంపెనీ చేతిలోంచి జాతీయ రహదారుల సంస్థ ఎన్‌హెచ్‌ఏఐ చేతికి వచ్చింది. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్ గేట్ల దగ్గర బండి ఆపిన వాళ్లకు ఆ రోజు పెద్ద తేడా తెలిసి ఉండదు. కానీ ఒప్పందం రాసుకున్నది 25 ఏళ్లకు. నాలుగు లేన్ల రోడ్డు తెరిచింది 2012 చివర్లో. పన్నెండేళ్లు కూడా నిండకుండానే కంపెనీ ఎందుకు తప్పుకుంది? దీని వెనక మన దేశంలో రోడ్ల కాంట్రాక్టు ఎన్నిసార్లు రూపం మార్చుకుందో చెప్పే ముప్పై ఏళ్ల కథ ఉంది.

మొదట అందరికీ తెలిసింది ఐటమ్ రేట్ పద్ధతి. మట్టి ఇన్ని ఘనపు మీటర్లు, కంకర ఇంత, తారు ఇంత అని ప్రభుత్వ ఇంజినీర్లే లెక్క గడతారు. కాంట్రాక్టర్ ఒక్కో ఐటమ్‌కు రేటు కోట్ చేస్తాడు. చేసిన పనిని కొలిచి ఎం బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో రాస్తారు, దాన్నిబట్టి బిల్లు. డిజైన్‌లో తప్పున్నా, నేల అడుగున రాయి తగిలినా అదనపు ఖర్చు ప్రభుత్వానిదే. పని దక్కించుకోవడానికి అంచనా ధర కంటే బాగా లెస్‌కు టెండర్ వేసి, తర్వాత కొలతలు పెంచి రాబట్టుకోవడం అప్పటినుంచీ ఉన్న జబ్బు. ఫైనల్ బిల్లు చేతికొచ్చి, చిన్న గ్యారంటీ గడువు దాటితే ఆ రోడ్డుతో కాంట్రాక్టర్‌కు సంబంధం తెగిపోతుంది.

ఢిల్లీ, ముంబై, చెన్నై, కోల్‌కతాలను కలిపే 5,846 కిలోమీటర్ల స్వర్ణ చతుర్భుజిలో ఎక్కువ భాగం ఇలా వేసిందే. ఎన్‌హెచ్‌ఏఐ ఇంజినీర్ సత్యేంద్ర దూబే ఆ పనుల మీదే ప్రధాని కార్యాలయానికి లేఖ రాశారు. పెద్ద కంపెనీలు దక్కించుకున్న పనిని స్థోమత లేని చిన్న సబ్ కాంట్రాక్టర్లకు అప్పజెబుతున్నాయన్నది ఆయన ఫిర్యాదు. 2003 నవంబర్ 27న గయలో ఆయన్ను కాల్చి చంపారు. దోపిడీ కోసం జరిగిన హత్యగా సీబీఐ తేల్చింది. హత్యకు కారణం ఏదైనా, లేఖలో ఆయన ఎత్తిచూపిన లోపం ఆ పద్ధతిలోనే ఉంది. కాంట్రాక్టుల గురించి ఎప్పుడు చదివినా నాకు ముందు ఆ లేఖే గుర్తొస్తుంది.

రోడ్డు వేసినవాడే ఏళ్ల తరబడి దాన్ని చూసుకోవాలనే షరతు పెడితే నాణ్యత దానంతట అదే వస్తుందన్న ఆలోచన బీఓటీకి (బిల్డ్, ఆపరేట్, ట్రాన్స్‌ఫర్: కట్టి, నడిపి, గడువు తీరాక ప్రభుత్వానికి అప్పగించడం) పునాది. 1956 నాటి జాతీయ రహదారుల చట్టాన్ని 1995లో సవరించి ప్రైవేటు పెట్టుబడికి తలుపు తీశారు. ఇందులో రెండు దారులున్నాయి. ఒకటి టోల్: కంపెనీయే అప్పు తెచ్చి రోడ్డు వేసి, టోల్ వసూలు చేసుకుని రాబట్టుకుంటుంది. రెండోది యాన్యుటీ: కంపెనీ రోడ్డు వేసి నిర్వహిస్తే ప్రభుత్వం ఆరు నెలలకోసారి ముందే ఖరారైన మొత్తం ఇస్తుంది, వాహనాలు వచ్చినా రాకపోయినా. తుని–అనకాపల్లి మధ్య 59 కిలోమీటర్లు దేశంలో తొలినాటి యాన్యుటీ పనుల్లో ఒకటి.

2005 తర్వాత బీఓటీ టోల్‌కు ఊపొచ్చింది. ట్రాఫిక్ ఏటా పెరుగుతూనే ఉంటుందని బ్యాంకులూ కంపెనీలూ నమ్మాయి. ప్రభుత్వాన్ని గ్రాంటు అడగాల్సిన వాళ్లు ఎదురు ప్రభుత్వానికే ఏటా ప్రీమియం కడతామంటూ పోటీపడ్డారు. రాజస్థాన్, గుజరాత్‌లలో సాగే కిషన్‌గఢ్–ఉదయ్‌పూర్–అహ్మదాబాద్ 555 కిలోమీటర్ల పనికి జీఎంఆర్ ఏటా రూ.636 కోట్లు కడతానని 2011లో ఒప్పుకుంది. 2013 మొదట్లో అందులోంచి బయటపడింది. మధ్యప్రదేశ్‌లో శివ్‌పురి–దేవాస్ నుంచి జీవీకే కూడా అదే ఏడాది తప్పుకుంది. రెండూ మన తెలుగువాళ్ల కంపెనీలే. అనుమతులు ఆలస్యమయ్యాయన్నారు, అది నిజమే. కానీ వేలంలో వేసుకున్న ట్రాఫిక్ అంచనాలు నేల మీద నిలబడలేదన్నదీ అంతే నిజం.

హైదరాబాద్–విజయవాడ రోడ్డు కూడా ఈ బీఓటీ టోల్ కాలపు బిడ్డే. రాష్ట్ర విభజన వల్లా, ఇసుకపై ఆంక్షల వల్లా లారీలు తగ్గి నష్టపోయామని కంపెనీ పరిహారం అడిగింది. వ్యవహారం ఆర్బిట్రేషన్‌కూ (మధ్యవర్తుల తీర్పుకూ) కోర్టుకూ వెళ్లింది, చివరికి 2024లో కంపెనీ తప్పుకుంది. ఒప్పందంలో ఉన్న ఆరు లేన్ల విస్తరణ మాత్రం జరగలేదు. ఇరవై ఐదేళ్ల తర్వాత ఒక రోడ్డు మీద ఎన్ని లారీలు తిరుగుతాయో ఎవరికి తెలుస్తుంది? తెలియని దానికి పూచీ పడమంటే ఒకరు దూరంగా ఉంటారు, ఇంకొకరు కళ్లు మూసుకుని దూకుతారు.

బీఓటీ టెండర్లకు స్పందన కరువయ్యాక ప్రభుత్వం 2012లో ఈపీసీకి (ఇంజినీరింగ్, ప్రొక్యూర్‌మెంట్, కన్‌స్ట్రక్షన్) మళ్లింది. డిజైన్ నుంచి నిర్మాణం దాకా ఒకే కాంట్రాక్టర్, మొత్తం పనికి ఒకే ధర, డబ్బు పూర్తిగా ప్రభుత్వానిది. ఈపీసీ అనే మాట తెలుగువాళ్లు జలయజ్ఞం రోజుల నుంచే వింటున్నారు. కొలతల గొడవ తగ్గుతుంది, నిజమే. కానీ ధర ఒకటే అయినప్పుడు డిజైన్‌లో మిగిల్చిందంతా కాంట్రాక్టర్ లాభం. అందుకే ఆ డిజైన్‌ను పరిశీలించే ఇంజినీర్ గట్టివాడు కాకపోతే రోడ్డు పలచబడుతుంది.

2016 జనవరిలో కేంద్ర కేబినెట్ ఆమోదించిన హ్యామ్ (హైబ్రిడ్ యాన్యుటీ మోడల్) బీఓటీకీ ఈపీసీకీ మధ్య రాజీ. నిర్మాణం సాగుతుండగా ఖర్చులో 40 శాతం ప్రభుత్వం ఇస్తుంది. మిగతా 60 శాతం కంపెనీ పెట్టి, రోడ్డు పూర్తయ్యాక 15 ఏళ్లపాటు ఆరు నెలలకోసారి వాయిదాల్లో వడ్డీతో సహా తీసుకుంటుంది. టోల్ ప్రభుత్వానిదే కాబట్టి ట్రాఫిక్ టెన్షన్ కంపెనీకి లేదు, కానీ నిర్వహణ భారం ఉంది. 80 శాతం భూమి చేతికొచ్చాకే పని మొదలు. రాయ్‌పూర్–విశాఖ ఆరు లేన్ల రోడ్డు ఈ పద్ధతిలోదే.

అదే 2016లో టీఓటీ (టోల్, ఆపరేట్, ట్రాన్స్‌ఫర్) కూడా వచ్చింది. ప్రభుత్వ డబ్బుతో ఎప్పుడో పూర్తయిన రోడ్డు మీద టోల్ హక్కును 30 ఏళ్లకు అమ్మడం. ఆంధ్రప్రదేశ్, గుజరాత్‌లలోని సుమారు 680 కిలోమీటర్లకు 2018లో రూ.9,681 కోట్లు వచ్చాయి. 2023లో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు కూడా ఇదే బాటలో రూ.7,380 కోట్లకు వెళ్లింది.

నా మటుకు నేను వీటిలో హ్యామ్ వైపే మొగ్గుతాను. తెలియని ట్రాఫిక్‌ను కంపెనీ నెత్తిన పెట్టదు, తెలిసిన పనిని దాని నెత్తి మీంచి దించదు. అయితే పద్ధతి మంచిదైనంత మాత్రాన రోడ్డు కింద పోసిన మట్టికట్ట నిలబడదు. 2025 మేలో కేరళలోని కూరియాడ్ దగ్గర ఎన్‌హెచ్ 66పై కడుతున్న ఎత్తైన కట్ట కూలింది. ఆ బరువును కింద ఉన్న పొలం నేల మోయలేకపోయింది. అది హ్యామ్ పనే. పదిహేనేళ్ల బాధ్యత ఒప్పందంలో ఉన్నా, కట్ట పోయకముందు ఆ నేలను సరిగ్గా పరీక్షించాల్సిన పని మిగిలే ఉంది. ఆ స్థలంలో సొంత ఖర్చుతో వంతెన కట్టాలని ఎన్‌హెచ్‌ఏఐ ఆ కాంట్రాక్టర్‌ను ఆదేశించింది.

ఇక మన హైదరాబాద్–విజయవాడ రోడ్డు విషయానికొస్తే, 2025 ఏప్రిల్‌లో టోల్ కాస్త తగ్గింది. ఆరు లేన్లు ఇంకా రావాలి. వాటికి టెండర్ పిలిచే రోజున ఎన్ని కోట్లు అన్న దానికంటే ముందు, వేసినవాళ్లు ఎన్నేళ్లు బాధ్యత వహిస్తారన్న గడి చూడండి.