పక్కకు జారని మంచుబండి

మా మేనల్లుడు అమెరికాలో మిన్నెసోటాలో ఉంటాడు. పోయిన చలికాలం ఒక ఆదివారం రాత్రి, అంటే అక్కడ పొద్దున, వీడియో కాల్ చేసి ఇంటి వెనక దిబ్బ చూపించాడు. అంతా తెల్లగా మంచు. పదేళ్ల కూతురు ఎర్రటి ప్లాస్టిక్ తొట్టిలాంటి దాంట్లో కూర్చుని పైనుంచి జారింది. సగం దూరం బాగానే వచ్చింది. తర్వాత బండి మెల్లగా తిరిగి, అడ్డంగా జారుతూ పోయి పొదల్లో ఆగింది. దెబ్బలేం తగల్లేదు గానీ పిల్ల మొహంలో భయం కనబడింది. "కొత్తగా మంచు పడ్డనాడు మంచిగనే పోయింది మామా. రాత్రి గడ్డకట్టినంక ఇట్ల పక్కకు పోతుంది. ఇన్నేండ్లు వర్క్‌షాప్ చెప్పినోనివి గదా, ఏదన్నా ఉపాయం చెప్పు" అన్నాడు.

నల్లగొండలో పుట్టి పెరిగిన నాకు ఆకాశం నుంచి పడే మంచు అంటే వడగళ్లే. అయినా ఆ తొట్టి అడ్డం తిరిగిన తీరు చూడగానే నాకు తాటిమట్ట గుర్తొచ్చింది. చిన్నప్పుడు ఊరి బయట గుట్ట మీద నున్నటి బండ ఉండేది. ఎండిన తాటిమట్టను తెచ్చి, చెట్టు మొదలును పట్టుకుని ఉండే దాని వెడల్పాటి భాగం మీద కూర్చుని జారేవాళ్లం. అదీ అంతే. వేగం అందుకోగానే మట్ట పక్కకు తిరిగేది. ఎవరూ నెట్టకుండానే ఎందుకు తిరుగుతుందో అప్పుడు అడిగే తెలివి లేదు.

ముందు మంచు సంగతి తేల్చుకోవాలి. తెలుగులో తెల్లారి గడ్డి మీద మెరిసేదీ మంచే, రోడ్డును కమ్మేసేదీ మంచే, కొండల మీద పడేదీ మంచే. బండి కట్టేవాడికి ఇది చాలదు. కొత్తగా పడ్డ మంచు దూదిలాంటిది, నిండా గాలే ఉంటుంది. 10 లీటర్ల బకెట్ నిండా నీళ్లు 10 కిలోలు తూగితే, అదే బకెట్‌లో కొత్త మంచు కిలో కూడా తూగకపోవచ్చు. గాలికి కొట్టుకుని గట్టిపడిన మంచైతే 3, 4 కిలోలు. పూర్తిగా గడ్డకట్టిన మంచైతే 9 కిలోల పైనే. పగలు ఎండకు పైపొర కరిగి, రాత్రి మళ్లీ గడ్డకడితే నిన్నటి దూది మీద ఇవాళ పలకలాంటి పెచ్చు తయారవుతుంది. దిబ్బ అదే, బండి అదే, కానీ కింది నేల పూర్తిగా మారిపోయింది.

ఈ తేడా తెలిసినవాళ్లు ఎప్పుడో వేర్వేరు బండ్లు కట్టుకున్నారు. కెనడా అడవుల్లో మంచు చెట్ల మధ్య మెత్తగా పేరుకుంటుంది. అక్కడి ఆదివాసులు పలచటి చెక్కలను ముందువైపు పైకి వంచి, అడుగు చదునుగా ఉండే టొబాగన్ చేసుకున్నారు. ఇంకా ఉత్తరాన, గడ్డకట్టిన సముద్రం మీద బతికే ఇన్యూయిట్‌లది వేరే పద్ధతి. వాళ్ల బండికి కింద రెండు పొడవాటి పట్టీలు ఉంటాయి. మేకులు కొట్టకుండా తాళ్లతో కట్టడం వల్ల ఎగుడుదిగుళ్ల మీద బండి కాస్త వంగుతుంది గానీ విరగదు. పట్టీల అడుగున తడిమట్టి పూసి గడ్డకట్టించి, దాని మీద నీళ్లతో మంచు పొర పెట్టేవాళ్లు. మంచు మీద మంచే జారుతుంది. 1888లో గ్రీన్‌లాండ్‌ను మొదటిసారి అడ్డంగా దాటిన నార్వే అన్వేషకుడు నాన్సెన్ ఈ రెండింటికీ మధ్య దారి పట్టాడు. పట్టీలు పెట్టాడు గానీ వాటిని మంచు మీద జారడానికి కాళ్లకు కట్టుకునే స్కీల్లాగా వెడల్పు చేశాడు.

వెడల్పుకు ఎందుకంత విలువో ఒక చిన్న లెక్క చెబుతుంది. పిల్ల, ఒంటి మీది బరువైన బట్టలు, బండి కలిపి 45 కిలోలు అనుకుందాం. బండి అడుగు మీటరు పొడవు, 40 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే చదరపు సెంటీమీటరుకు పడే బరువు 11 గ్రాములు. అదే బరువును 6 మిల్లీమీటర్ల మందం ఉన్న రెండు పట్టీల మీద, ఒక్కొక్కటి అరమీటరు మేర నేలను తాకేలా నిలబెడితే 750 గ్రాములు. మామూలు మనిషి చెప్పులతో నిలబడితే చదరపు సెంటీమీటరుకు 200 గ్రాముల దాకా పడుతుంది. అంటే మనిషి కాలు దిగబడే మంచులో ఆ పట్టీలు ఇంకా లోతుగా దిగబడతాయి, చదును అడుగు మాత్రం తేలుతుంది. దమ్ము చేసిన మడిలో చదును చేసే పలక మీద మనిషి నిలబడ్డా అది మునగదు. పలక దిగి ఒక్క అడుగు వేస్తే పిక్క దాకా పోతుంది. ఇదే లెక్క.

మరి గట్టి మంచు మీద చదును అడుగు ఎందుకు పక్కకు పోతుంది? దిబ్బ వాలు అన్నిచోట్లా నేరుగా కిందికే ఉండదు. ఎక్కడో ఒకచోట 10 డిగ్రీలు పక్కకు వాలి ఉంటే, 45 కిలోల బండిని ఆ పక్కకు లాగే బలం దాదాపు 8 కిలోలు. గట్టి మంచు మీద ప్లాస్టిక్ రాపిడి బరువులో ఇరవై, ముప్పయ్యో వంతు ఉంటుంది. అంటే రెండు కిలోలు. 8 కిలోల లాగుడును రెండు కిలోలు ఎలా ఆపుతాయి? నిజానికి ఆ రెండు కిలోలు కూడా దక్కవు. రాపిడి ఎప్పుడూ కదలికకు ఎదురుగానే పనిచేస్తుంది. బండి ముందుకు పోతున్నంతసేపూ దాని రాపిడి అంతా వెనక్కే ఖర్చవుతుంది, పక్కవైపుకు దాదాపు ఏమీ మిగలదు. వానలో బైక్ వెనక బ్రేకు గట్టిగా తొక్కినవాళ్లకు ఇది అనుభవమే. చక్రం ఆగి జారడం మొదలుపెట్టగానే బండి వెనక భాగం పక్కకు కొట్టుకుపోతుంది. తిరుగుతున్న చక్రం దారి పట్టుకుని ఉంటుంది, జారుతున్న చక్రానికి దారి లేదు. నా తాటిమట్టకు జవాబు ఇన్నేళ్లకు దొరికింది.

జారడం మంచు తనంతట తనే చేసిపెడుతుంది. జారే దిక్కును నిలబెట్టడమే బండి కట్టేవాడి పని.

మంచు ఎందుకు జారుతుందన్నదానికి చాలాకాలం ఒకే జవాబు చెప్పేవాళ్లు, బరువు నొక్కితే కరుగుతుందని. ఒత్తిడి పెరిగితే మంచు కరిగే ఉష్ణోగ్రత తగ్గుతుందని 1849లో జేమ్స్ థామ్సన్ లెక్కగట్టాడు, ఆ మాట నిజమే. కానీ ఒక్క డిగ్రీ తగ్గాలంటే 130 రెట్లకు పైగా వాతావరణ పీడనం కావాలి. మన పట్టీ కింద ఉన్నది ఒక వాతావరణ పీడనం కంటే తక్కువ. దానితో డిగ్రీలో నూరో వంతు కూడా తగ్గదు. 1939లో బౌడెన్, హ్యూస్ అనే ఇద్దరు స్విట్జర్లాండ్‌లోని యుంగ్‌ఫ్రావ్‌యొక్ మంచుగుహలో ప్రయోగాలు చేసి, జారేటప్పుడు రాపిడి వల్ల పుట్టే వేడే పలచటి నీటిపొరను తయారుచేస్తుందని చూపించారు. మంచు పైపొర దానంతట అదే కొంత ద్రవంలా ఉంటుందని అంతకుముందే, 1850లో, ఫారడే అన్నాడు. ఈ రెండూ కలిస్తేనే జారుడు. అందుకే మరీ చలి ఎక్కువైతే ఆ నీటిపొర సరిగా ఏర్పడదు. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తున్న బ్రిటిష్ అన్వేషకుడు స్కాట్ బృందానికి మంచు ఇసుకలా అడ్డుపడింది.

ఇక బండి. మెత్తటి మంచుకు చదును అడుగు కావాలి, గట్టి మంచుకు దాన్ని కొరికి బండిని పక్కకు పోనివ్వని అంచు కావాలి. రెండూ ఒకే బండికి కావాలంటే అంచు అవసరమైనప్పుడు దిగాలి, లేనప్పుడు పైకి లేవాలి. నార్కట్‌పల్లి దగ్గర హైవే పక్కన కాసేపు నిలబడితే ఈ ఆలోచన కళ్లముందే పరిగెత్తుతుంది. విజయవాడ వైపు ఖాళీగా పోయే పెద్ద లారీల్లో ఒక జత చక్రాలు నేలకు తగలకుండా గాల్లో ఉంటాయి. లోడు ఎత్తగానే కిందికి దించుతారు. పొలం పనికి ట్రాక్టర్‌కు వేసే ఇనుప కేజీ వీల్స్ దీనికి తిరగబడ్డ కథ. బురదలో అవే ఆధారం, వాటితోనే తారురోడ్డు ఎక్కితే రోడ్డు చీరుకుపోతుంది.

క్లాక్ టవర్ దగ్గర నాకు తెలిసిన వెల్డింగ్ షాపులో కూర్చుని మొదటి నమూనా గీశాం. పలకకు అటూ ఇటూ రెండు ఇనుప పట్టీలు, ఒక్కొక్కటి చిన్న చేతుల మీద మడత బందులా వేలాడుతూ, మీట లాగితే దిగేలా. అసలు చిక్కు అక్కడే వచ్చింది. దిగిన పట్టీ దిగినట్టే ఉండాలి, లేచింది లేచినట్టే ఉండాలి, మధ్యలో ఊగకూడదు. నేను బోల్టు, పిన్ను అంటూ ఏవేవో చెబుతుంటే వెల్డర్ లేచి వెళ్లి బయట నిలిపిన బైక్ సైడ్ స్టాండ్‌ను కాలితో రెండుసార్లు తన్నాడు. "గిట్లనే గద సార్" అన్నాడు.

సైడ్ స్టాండ్‌ను మీరూ ఒకసారి వంగి చూడండి. దానికున్నది ఒక్కటే స్ప్రింగ్. స్టాండ్ పైకి ఉన్నప్పుడు ఆ స్ప్రింగ్ లాగే గీత ఇరుసుకు ఒకపక్క ఉంటుంది, కాబట్టి పైకే లాగుతుంది. కిందికి నెడుతున్నకొద్దీ స్ప్రింగ్ సాగుతూ, సరిగ్గా ఇరుసు మీదుగా వచ్చినప్పుడు బాగా బిగుసుకుంటుంది. ఆ ఒక్క చోటు దాటగానే లాగే గీత ఇరుసుకు రెండో పక్కకు మారుతుంది, అదే స్ప్రింగ్ ఇప్పుడు కిందికి లాగుతుంది. తాళం లేదు, పిన్ను లేదు. చేతికి మందపాటి గ్లౌజులు తొడుక్కున్న పదేళ్ల పిల్లకు ఇంతకంటే మంచి గడియ నాకు తోచలేదు.

ఇందులో ఇంకో లాభం ఉంది. మంచు కింద రాయో వేరో ఉంటే బిగించిన పట్టీ బండిని తలకిందులు చేస్తుంది. మన చెలకల్లో దున్నే ట్రాక్టర్ కల్టివేటర్లకు పళ్ల వెనక స్ప్రింగులు ఎందుకు పెడతారు? రాయి తగిలితే పన్ను వెనక్కి వంగి దాటిపోవాలని. ఇక్కడా చేతులు వెనక్కి వాలి ఉండాలి. చిన్న గతుకైతే పట్టీ కాస్త లేచి మళ్లీ దిగుతుంది. గట్టి దెబ్బ తగిలితే ఇరుసు గీత దాటి పూర్తిగా పైకి లేచిపోతుంది. స్ప్రింగ్ ఒక్కో పట్టీని 8, 10 కిలోల బలంతో నొక్కితే చాలు. మిగతా బరువు చదును అడుగు మీదే ఉంటుంది కాబట్టి బండి ఎత్తు పెరగదు, బోల్తా పడే భయమూ పెరగదు.

రెండు పట్టీలకూ వేర్వేరు మీటలు పెడదామని నాకు చాలా ఆశగా ఉండేది. కుడి పట్టీ ఒక్కటే దించితే కుడివైపు రాపిడి పెరిగి బండి కుడికి తిరుగుతుంది, స్టీరింగ్ కూడా వచ్చేస్తుంది. కానీ రాయి తగిలి ఒక్క పట్టీ లేచిపోతే? వేగంలో ఉన్న బండి చెప్పకుండా రెండో వైపుకు కోసుకుపోతుంది. 10 మీటర్ల ఎత్తున్న దిబ్బ నుంచి రాపిడి లేకుండా జారితే కిందికి వచ్చేసరికి గంటకు 50 కిలోమీటర్ల వేగం. నిజంగా అంత రాకపోవచ్చు, సగం వచ్చినా పిల్లకు ఎక్కువే. అందుకని రెండు పట్టీలూ ఒకే షాఫ్ట్ మీద ఉండాలని తేల్చుకున్నాం. లేస్తే రెండూ లేవాలి, దిగితే రెండూ దిగాలి. తిప్పడం మడమలతో, ఒంటిని వంచడంతోనే.

నమూనాను తిప్పర్తి దగ్గర మా బంధువుల మడిలో, నాట్లకు ముందు దమ్ము చేసినప్పుడు లాగి చూశాం. బురద మంచు కాదు, జారుడులో రెంటికీ పోలికే లేదు. దిగబడటం, పక్కకు పోవడం మాత్రం బురదలో చక్కగా కనబడతాయి. తాడుతో లాగినప్పుడు ఏ తేడా తెలియలేదు, తాడే ముందుండి బండిని నేరుగా ఉంచుతుంది. వెనక నుంచి కర్రతో నెట్టినప్పుడు అసలు సంగతి బయటపడింది. పట్టీలు ముందువైపు ఉంటే బండి గిర్రున తిరిగి వెనక భాగం ముందుకొచ్చింది. వాటిని వెనక్కి, కూర్చునే మనిషి బరువు పడే చోటుకు వెనకగా మార్చగానే నేరుగా పోయింది. బాణానికి ఈకలు వెనక కట్టేది ఇందుకే. పక్కగాలిని పట్టే భాగం బరువుకు వెనక ఉంటే ముందరి కొస దారిలోకి వస్తుంది.

పట్టీ అంచు కత్తిలా ఉండనక్కర్లేదు, ఉండకూడదు కూడా, పిల్లల వేళ్లు అక్కడే ఆడతాయి. ఐస్ మీద తిరిగే స్కేట్ల అంచులు కూడా దాదాపు పెట్టె మూలలా ఉంటాయి, వాటికి అదే చాలుతుంది. నేను పట్టీని పడవ అడుగులా కొద్దిగా వంచమన్నాను, అప్పుడు బరువు మొత్తం పొడవు మీద పరుచుకోకుండా నడిమి భాగంలో పడి అంచు మంచును కొరుకుతుంది.

ఇక మిగిలింది చలి. సందుల్లో దూరిన మంచు కరిగి మళ్లీ గడ్డకడితే ఏ మడత బందైనా బిగుసుకుపోతుంది. అందుకని పట్టీ గాడిలో దూరే డిజైన్‌ను నేను మొదట్లోనే పక్కన పెట్టాను. మడత బందులు బయటికే, కాస్త వదులుగా, మధ్యలో పాలిథీన్ బుషులతో ఉండాలి. ఇనుములోనూ చూసుకోవాలి. కొన్ని రకాల ఉక్కు చలికి పెళుసుబారుతుంది. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా కట్టిన లిబర్టీ ఓడల్లో కొన్ని చల్లటి నీళ్లలో చీలిపోయినప్పుడు ఇంజనీర్లు దీన్ని గట్టిగా పట్టించుకున్నారు.

కొలతలన్నీ పంపించాను. మేనల్లుడు గ్యారేజీలో మొదలుపెట్టాడు, మీట మాత్రం నేను గీసినదానికంటే జానెడు పొడవు చేస్తానన్నాడు, గ్లౌజుల చేతికి పొట్టి మీట అందదట. నాకు తట్టలేదు అది. ఇంకో మాట కూడా ఫోన్లో చెప్పాను. వెచ్చటి గ్యారేజీ నుంచి తెచ్చిన బండిని వెంటనే మంచు మీద పెట్టొద్దు, వెచ్చటి ఇనుము తగిలిన మంచు కరిగి, మరుక్షణం పట్టీకే గడ్డకట్టి అంటుకుంటుంది. ముందు అరగంట బయట గోడకు ఆనించి చల్లారనివ్వాలి. "అర్ధగంట ఎట్ల ఆగాలె తాతా" అని వెనక నుంచి పిల్ల గొంతు వినబడింది.