అపోఎల్1: పరాన్నజీవిని చంపే ప్రోటీన్ మూత్రపిండాల జోలికి ఎలా వచ్చింది?

అమెరికాలో మూత్రపిండాలు పూర్తిగా దెబ్బతిని డయాలసిస్ దాకా వెళ్లేవారు శ్వేతజాతీయులలో కంటే ఆఫ్రికన్ మూలాలున్నవారిలో మూడు నాలుగు రెట్లు ఎక్కువని వైద్యులు దశాబ్దాలుగా గమనిస్తూనే ఉన్నారు. అధిక రక్తపోటు, పేదరికం, సకాలంలో వైద్యం అందకపోవడం దీనికి కారణాలని చెప్పేవారు. అవి అబద్ధమేమీ కాదు గానీ, వాటితో లెక్క పూర్తిగా తేలేది కాదు. 2008లో 22వ క్రోమోజోముపై ఉన్న ఎంవైహెచ్9 జన్యువు మీదికి అనుమానం మళ్లింది. మూత్రపిండాల వడపోత కణాలలో దానికి పని ఉంది కనుక ఆ వాదన సబబుగానే తోచింది. తీరా 2010లో, అసలు మార్పులు దాని పక్కనే ఉన్న అపోఎల్1 జన్యువులో ఉన్నాయని తేలింది.

అపోఎల్1 అప్పటికే వేరే రంగంలో పేరున్న ప్రోటీన్. మనిషి రక్తరసి ట్రిపనోసోమా జాతి పరాన్నజీవులను చంపగలదని ఫ్రెంచ్ శాస్త్రవేత్త లావెరాన్ 1902లోనే గుర్తించాడు. ఆ శక్తి ప్రధానంగా అపోఎల్1దేనని 2003లో రుజువైంది. కొవ్వును మోసే హెచ్‌డీఎల్ కణాలతో కలిసి రక్తంలో తిరిగే ఈ ప్రోటీన్‌ను పరాన్నజీవి ఆహారంగా లోనికి తీసుకుంటుంది. లోపలికి చేరాక అది పొరలకు రంధ్రాలు చేస్తుంది, పరాన్నజీవి ఉబ్బి చస్తుంది. సెట్సీ ఈగ ద్వారా నిద్రా వ్యాధిని వ్యాపింపజేసే రొడీసియెన్స్ రకం మాత్రం ఎస్‌ఆర్‌ఏ అనే మరో ప్రోటీన్‌తో దానిని పట్టి నిర్వీర్యం చేస్తుంది. ఆ పట్టు నుంచి జారిపోయేలా అపోఎల్1లో వచ్చిన మార్పులే జీ1, జీ2. ఈ విషయంలో జీ2 మరీ గట్టిది. మారిన జన్యువు ఒక్క ప్రతి ఉన్నా రక్షణ లభిస్తుంది కాబట్టి, ఇవి పశ్చిమ ఆఫ్రికాలో బాగా వ్యాపించాయి.

మూత్రపిండాల జబ్బుతో ముడిపడినవీ ఈ మార్పులే. అయితే ఆ ముప్పు ఎక్కువగా తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున మారిన ప్రతులు రెండూ సంక్రమించినవారికే. ఆఫ్రికన్ అమెరికన్లలో వీరు సుమారు 13 శాతం. వీరిలోనూ ఎక్కువమందికి జబ్బు రాదు. హెచ్‌ఐవీ వంటి సంక్రమణ గానీ, రోగనిరోధక శక్తిని ఉసిగొల్పే ఇంటర్‌ఫెరాన్ చికిత్స గానీ తోడైనప్పుడు వడపోత కణాలు అపోఎల్1ను అధికంగా తయారుచేసి, తామే దెబ్బతింటాయి.

ఇక్కడ మహారాష్ట్రకు చెందిన ఒక రైతు ఉదంతం చెప్పుకోవాలి. సాధారణంగా పశువులకే సోకే ట్రిపనోసోమా ఇవాన్సీ 2004లో ఆయనకు సోకింది. పరీక్షిస్తే ఆయన రక్తంలో అపోఎల్1 బొత్తిగా లేదు. రెండు ప్రతులూ చెడిపోయాయి. అయినా మూత్రపిండాలకు ఏ లోపమూ లేదు. అంటే ఆ ప్రోటీన్ లేకపోవడం కీడు కాదు, మారిన రూపంలో ఉండడమే కీడు. నా దృష్టిలో ఈ ఒక్క మనిషి ఇచ్చిన ఆధారం చాలా ప్రయోగాలకు సాటి.

అపోఎల్1 చేసే రంధ్రాన్ని మూసే ఇనాక్సాప్లిన్ మందుకు ఆధారం కూడా ఈ తర్కమే. రెండు మారిన ప్రతులున్న కొద్దిమంది రోగులపై జరిగి 2023లో వెలువడిన ప్రయోగంలో, 13 వారాలకు మూత్రంలో ప్రోటీన్ పోవడం సగటున 47 శాతానికి పైగా తగ్గింది. మూత్రపిండాల ఆయుష్షు పెరుగుతుందా అన్నది మాత్రం ఎక్కువమందిపై, ఎక్కువ కాలం చేసే ప్రయోగాలలోనే తేలాలి.