టీబీ మాత్ర పరగడుపునా, తిన్నాకా?

టీబీ మందులు మొదలైన ఇంట్లో మొదటి వారంలోనే ఈ గొడవ వస్తుంది. పొద్దున్నే మాత్రలన్నీ ఒకేసారి మింగితే కడుపులో తిప్పేస్తోందని పేషెంటు అంటే, ఏదైనా తిని వేసుకోమని ఇంట్లోవాళ్లు అంటారు. మందులిచ్చినవాళ్లేమో పరగడుపున అని చెప్పి పంపారు. ఎవరి మాట వినాలి?

మామూలు టీబీకైతే పరగడుపే. మొదటి రెండు నెలలు రిఫాంపిసిన్, ఐసోనియాజిడ్, పైరాజినమైడ్, ఇథాంబ్యుటాల్ కలిసిన మాత్రలు, తర్వాత నాలుగు నెలలు పైరాజినమైడ్ లేకుండా మిగతా మూడూ ఇస్తారు. వీటిలో తిండికి బాగా దెబ్బతినేవి మొదటి రెండు, బాక్టీరియాను చంపడంలో ముందుండేవీ అవే. 1990ల చివర్లో అమెరికాలో చార్లెస్ పెలోక్విన్ బృందం ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఈ మందుల్ని పరగడుపున ఒకసారి, కొవ్వు ఎక్కువున్న భోజనంతో ఒకసారి ఇచ్చి రక్తం పరీక్షించింది. తిన్నప్పుడు రిఫాంపిసిన్ గరిష్ఠ స్థాయి 36 శాతం, ఐసోనియాజిడ్‌ది 51 శాతం తగ్గాయి. చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ టీబీ పేషెంట్లనే పరీక్షించి 2017లో ప్రచురించిన ఫలితాల్లోనూ ఈ రెండు మందుల గరిష్ఠ స్థాయి దాదాపు సగానికి పడిపోయింది.

ఎందుకంటే మందు రక్తంలోకి ఎక్కేది ప్రధానంగా చిన్నపేగులో. కడుపు నిండా తింటే, అందులోనూ నెయ్యి, నూనె ఉంటే, జీర్ణాశయం నెమ్మదిగా ఖాళీ అవుతుంది, మాత్ర అక్కడే చిక్కుకుంటుంది. రిఫాంపిసిన్‌కు ఇంకో కష్టం కూడా ఉంది, కడుపులోని ఆమ్లంలో, పక్కన ఐసోనియాజిడ్ కూడా ఉంటే, అది కొంత విరిగిపోతుంది. చివరికి రక్తంలోకి చేరే మొత్తం మరీ తగ్గకపోవచ్చు, కానీ రిఫాంపిసిన్ బాక్టీరియాను ఎంత గట్టిగా కొడుతుందన్నది రక్తంలో దాని స్థాయి ఎంత పైకి వెళ్లిందన్నదాని మీద ఆధారపడుతుంది, అందుకే ఆ పతనాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

కాబట్టి తినడానికి గంట ముందు, లేదా తిన్న రెండు గంటల తర్వాత. అది తట్టుకోలేకపోతున్నారా? అప్పుడు డాక్టరుకు చెప్పి, కొవ్వు లేని కొంచెం తిండితో, ఒకటి రెండు ఇడ్లీలు చాలు, వేసుకోండి. కాస్త తక్కువ ఎక్కిన మందు, అసలు మానేసిన మందుకంటే ఎన్నో రెట్లు మేలు. మూత్రం నారింజ రంగులో రావడం రిఫాంపిసిన్ వల్లే, దానికి టెన్షన్ వద్దు. వాంతులతో పాటు కళ్లు పచ్చబడితే మాత్రం అది కాలేయం సంగతి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

పరగడుపు అంటే పస్తు కాదు, ఈ మాట గట్టిగా చెప్పాలి. మాత్ర వేసుకున్న గంటకు కడుపు నిండా తినాలి, గుడ్డు, పప్పు, పాలు అన్నీ. జార్ఖండ్‌లో జరిగి 2023లో వెలువడిన, పోషకాహారం మీద చేసిన రేషన్స్ అనే అధ్యయనంలో, మొదటి రెండు నెలల్లో 5 శాతం బరువు పెరిగిన పేషెంట్లలో మరణాలు 61 శాతం తక్కువగా కనిపించాయి. టీబీ పేషెంట్ల తిండి కోసం ప్రభుత్వం నడిపే నిక్షయ్ పోషణ్ పథకం కింద నెలకు వచ్చే 1000 రూపాయలు తిండికే ఖర్చుపెట్టండి.

గ్యాస్ కోసం తాగే యాంటాసిడ్‌కు, ఈ మాత్రలకు మధ్య రెండు గంటలైనా ఎడం ఉండాలి. ఐసోనియాజిడ్ వాడుతున్నన్నాళ్లూ తూర చేప, అదే ట్యూనా, వద్దు. అందులో పేరుకునే హిస్టమిన్ అనే రసాయనాన్ని శరీరం విరగ్గొట్టకుండా ఈ మందు అడ్డుపడుతుంది, దాంతో ముఖం ఎర్రబడి, తలనొప్పి, గుండె దడ రావచ్చు.

మందులకు లొంగని టీబీకి ఇచ్చే కొత్త మాత్రల దగ్గరికొస్తే లెక్క తలకిందులవుతుంది. బెడాక్విలిన్ కొవ్వును ఇష్టపడే మందు, భోజనంతో వేసుకుంటే పరగడుపుకంటే దాదాపు రెట్టింపు రక్తంలోకి చేరుతుంది. ప్రెటోమానిడ్ కూడా తిండితోనే వేసుకోవాలి. వీటితో వచ్చే మాక్సిఫ్లాక్సాసిన్‌కు తిండి అడ్డు కాదు గానీ ఐరన్ మాత్రలు, యాంటాసిడ్లు అడ్డే, వాటిలోని లోహం మందును పట్టేసుకుంటుంది. రక్తహీనతకు ఐరన్ వాడేవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి, ఏది ఎప్పుడో డాక్టరుతో కాగితం మీద రాయించుకోండి. నాకు అసలు భయం నెలల తరబడి పరగడుపుకు అలవాటుపడి, మందు మారాక కూడా అలాగే మింగేవాళ్ల గురించి. అంత ఖరీదైన బెడాక్విలిన్ సగం వృథా అవుతోందని వాళ్లకు తెలిసే దారే లేదు. మందు మార్చిన రోజే, ఇచ్చే మనిషి అడగకపోయినా చెప్పాలి, చెప్పకపోతే మీరే అడగాలి: ఇది తినకముందా, తిన్నాకా?