కాలేజీ ఫుట్‌బాల్ జట్టు నుంచి ఎన్ని గెలుపులు ఆశించాలి? అపోహలు - వాస్తవాలు

అమెరికాలో ఒక విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ జట్టులో ఆటల విశ్లేషకుడిగా పని చేస్తున్నాను. ప్రత్యర్థుల వీడియోలు చూసి, లెక్కలు తీసి, కోచ్‌లకు అందించడం నా ఉద్యోగం. ఇక్కడ పిల్లలను చదివిస్తున్న తెలుగు తల్లిదండ్రులు చాలామంది నాలుగేళ్లలో ఈ ఆటకు అభిమానులైపోతారు. ఆగస్టులో వాళ్లు నన్ను అడిగేది "ఈసారి మనవాళ్లు ఎంతవరకు వెళ్తారు?" అని. నవంబరు వచ్చేసరికి "ఈ కోచ్‌ను ఇంకా ఎందుకు ఉంచారు?" అంటారు. ఆశ పెట్టుకునేటప్పుడే లెక్క తప్పడం వల్ల వచ్చే కోపం ఇది. చివరికి ఆ కోపం పంతొమ్మిదేళ్ల ఆటగాళ్ల మీద పడుతోంది కాబట్టి రాయాలనిపించింది. చెప్పేదంతా అమెరికన్ ఫుట్‌బాల్ గురించి, సాకర్ గురించి కాదు.

అపోహ: ఏడు గెలుపులు, ఐదు ఓటములు వచ్చాయంటే సీజన్ పాడైనట్టే.

వాస్తవం: ముందు కూడికలు చేద్దాం. బిగ్ టెన్ కాన్ఫరెన్స్‌లో, అంటే తమలో తాము పోటీపడే విశ్వవిద్యాలయాల కూటమిలో, ఇప్పుడు 18 జట్లున్నాయి. ఒక్కో జట్టు కాన్ఫరెన్స్ లోపల 9 ఆటలు, బయటి జట్లతో 3 ఆటలు ఆడుతుంది. లోపల జరిగే ఆటలు మొత్తం 81. అంటే 81 గెలుపులు, 81 ఓటములు. జట్టుకు సగటున నాలుగున్నర. బయటి ఆటలు మూడింటినీ ప్రతి జట్టూ గెలిచిందనుకున్నా సగటు ఏడున్నర దగ్గరే ఆగిపోతుంది. పైన ఎవరైనా ఎక్కువ గెలిస్తే ఆ గెలుపులు కింది వాళ్ల నుంచి వచ్చినవే. 2024లో ఓరెగాన్, ఇండియానా, పెన్ స్టేట్, ఒహాయో స్టేట్ కలిసి కాన్ఫరెన్స్ లోపల 32 ఆటలు గెలిచాయి. మిగిలిన 14 జట్లకు దక్కినవి 49, తలా మూడున్నర. ఆ ఏడాది పర్డ్యూ ఈ 9 ఆటల్లో ఒక్కటీ గెలవలేదు.

18 జట్ల అభిమానులూ తొమ్మిదేసి గెలుపులు కావాలంటే అన్ని గెలుపులు అసలు ఉండవు. ఆరు గెలుపులతో బౌల్ ఆటకు, అంటే సీజన్ ముగిశాక ఎంపికైన జట్లు ఆడే అదనపు ఆటకు, అర్హత వస్తుంది. ఎక్కువ జట్లకు ఏడు మామూలు సీజన్, ఎనిమిది మంచి సీజన్, పది దాటితే పండగ. ఈ మాట చెబితే నాకు ఆశయం లేదంటారు. అంకెలు చూసి కూడా అలా అనేవారిని నేను ఒప్పించలేను.

అపోహ: ఒకప్పుడు ఛాంపియన్లమే కదా, సరైన కోచ్ దొరికితే ఆ రోజులు తిరిగి వస్తాయి.

వాస్తవం: నెబ్రాస్కా కథ ఈ రంగంలో అందరికీ తెలుసు. 1970, 1971, 1994, 1995, 1997లో జాతీయ టైటిళ్లు సాధించిన జట్టు అది. 2003లో కోచ్ ఫ్రాంక్ సోలిచ్ తొమ్మిది గెలుపులు తెచ్చినా ఆయన్ను తొలగించారు. తర్వాత బో పెలీని ఏడు సీజన్లలోనూ కనీసం తొమ్మిది గెలిచాడు. ఆయన్ను కూడా 2014 చివర్లో పంపించేశారు. 2017 నుంచి 2023 వరకు ఏడేళ్లు ఆ జట్టుకు బౌల్ ఆటే దక్కలేదు.

తప్పంతా ఆ తొలగింపులదే అనను, తర్వాత ఎవరిని తెచ్చుకున్నారన్నది కూడా ముఖ్యమే. కానీ పాత విజయాలకు కారణాలేమిటో అడగాలి. ఇరవై లక్షల జనాభా చుట్టూ ఉన్న రాష్ట్రంలో ఏటా దొరికే అగ్రశ్రేణి కుర్రాళ్లు కొద్దిమందే. 1969లోనే పూర్తికాలపు శారీరక శిక్షణ కోచ్‌ను పెట్టుకోవడం నెబ్రాస్కాకు పెద్ద బలమైంది. తర్వాత అందరూ పెట్టుకున్నారు. అప్పట్లో టీవీలో కనిపించే జట్లు కొన్నే. 1984లో సుప్రీంకోర్టు తీర్పుతో ప్రసార హక్కులు కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ చేతిలోంచి జారాక అందరూ కనిపించడం మొదలైంది. 1990ల్లో ఒక్కో జట్టు ఇవ్వగల స్కాలర్‌షిప్‌ల పరిమితి 85కు తగ్గాక పెద్ద జట్లు ప్రతిభను బెంచీ మీద దాచుకోవడం కష్టమైంది. ఆ అనుకూలతలు పోయాయి, ఆశలు మాత్రం 1995లోనే ఉండిపోయాయి.

అపోహ: గెలుపు ఓటముల పట్టికే జట్టు అసలు బలం.

వాస్తవం: మళ్లీ నెబ్రాస్కానే చూడండి. 2021లో మూడు గెలిచి తొమ్మిది ఓడింది. ఆ తొమ్మిది ఓటముల్లో ఒక్కదానిలోనూ తేడా పది పాయింట్లకు చేరలేదు. సీజన్ మొత్తంలో ప్రత్యర్థుల కంటే ఎక్కువ పాయింట్లే చేసింది. ఒక్క డ్రైవ్ (బంతి తమ చేతిలో ఉండగా సాగించే ఒక దాడి) తేడాతో ముగిసే ఆటల్లో అదృష్టం పాలు ఎక్కువ. ఆటగాడి చేతి నుంచి జారి నేల మీద పడ్డ బంతి (ఫంబుల్) ఎవరి చేతికి చిక్కుతుందన్నది దాదాపు నాణెం ఎగరేయడమే.

అయితే దీన్ని సాకుగా వాడుకోకూడదు. ఏళ్ల తరబడి దగ్గరి ఆటలు ఓడుతున్న జట్టులో కికింగ్ బలహీనతో, చివరి నిమిషాల నిర్ణయాల్లో తడబాటో ఉంటుంది. ఒక్క ఏడాది ఓడితే నేను కంగారుపడను, మూడేళ్లు ఓడితే కారణం వెతుకుతాను.

అపోహ: ఇండియానా ఏడాదిలో మారిపోయింది, మనమూ మారవచ్చు.

వాస్తవం: ఈ మధ్య నేను ఎక్కువగా వింటున్నది ఇదే. ఇండియానా 2023లో మూడు గెలిచి తొమ్మిది ఓడింది. కర్ట్ సిగ్నెటీ వచ్చిన మొదటి ఏడాది 11 గెలిచి జాతీయ టైటిల్ తేల్చే ప్లేఆఫ్ చేరింది. రెండో ఏడాది 16 ఆటలూ గెలిచి 2026 జనవరిలో జాతీయ ఛాంపియన్ అయింది. అద్భుతమే. కానీ అక్కడ ఏం జరిగిందో చూడండి. సిగ్నెటీ 2011 నుంచి హెడ్ కోచ్. పాత జట్టు జేమ్స్ మాడిసన్ నుంచి తన వెంట పది మందికి పైగా ఆటగాళ్లను, ముఖ్య సహాయకులను తెచ్చుకున్నాడు. అంటే అతని పద్ధతి తెలిసినవాళ్లు మొదటి రోజునుంచే ఉన్నారు. జట్టు దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్‌లు ఇద్దరూ, ఒహాయో విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన రోర్క్, కాలిఫోర్నియా నుంచి వచ్చిన మెండోజా, అప్పటికే అనుభవం ఉన్నవాళ్లు. వెనక బిగ్ టెన్ టీవీ ఆదాయం ఉంది. ఇన్నీ ఒకచోట కలవడం అరుదు.

ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌ను, అంటే ఆటగాళ్లు జట్టు మారే పద్ధతిని, నమ్ముకున్న కొలరాడో గెలుపులు చూడండి: 2022లో 1, 2023లో 4, 2024లో 9, మేటి ఆటగాళ్లు ట్రావిస్ హంటర్, షెడూర్ శాండర్స్ వెళ్లిపోయాక 2025లో 3. ఫ్లోరిడా స్టేట్ 2023లో బౌల్ ఆట వరకు 13 వరసగా గెలిచి, మరుసటి ఏడాది రెండే గెలిచింది. పోర్టల్ ఎంత త్వరగా ఎక్కిస్తుందో అంతే త్వరగా దించుతుంది. పాతకాలంలో బిల్ స్నైడర్‌ను తీసుకోండి. 27 ఆటలుగా గెలుపే లేని కాన్సస్ స్టేట్‌ను 1989లో చేపట్టి, తొమ్మిది గెలుపుల సీజన్ చూడడానికి 1993 వరకు శ్రమించాడు. అలా కట్టినది చాలాకాలం నిలిచింది.

అపోహ: రిక్రూటింగ్‌లో (హైస్కూలు కుర్రాళ్లను చేర్చుకోవడంలో) మొదటి ర్యాంకు వస్తే గెలుపులు వాటంతటవే వస్తాయి.

వాస్తవం: టెక్సస్ ఎ అండ్ ఎం 2022లో దేశంలోకెల్లా మేటి కుర్రాళ్లను చేర్చుకుంది. ఆ సీజన్‌లో గెలిచింది ఐదు, ఓడింది ఏడు. సొంత మైదానంలోనే అపలాచియన్ స్టేట్ చేతిలో ఓడింది. ఏడాది తిరిగేసరికి కోచ్ జింబో ఫిషర్‌ను తప్పించడానికి ఏడున్నర కోట్ల డాలర్లకు పైగా చెల్లించేందుకు సిద్ధపడింది. ముందు వరసలో (లైన్‌లో) ఆడే పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఎంత మేటి అయినా ఇరవై రెండేళ్ల వాడి ముందు నిలబడడానికి రెండు మూడేళ్లు పడుతుంది. అయినా ర్యాంకులకు విలువ లేదనుకోకండి. ఛాంపియన్లలో అత్యధికులు ఆ జాబితాల పైభాగం నుంచే వచ్చారు.

అపోహ: పెద్ద జట్టును ఓడించాం, ఇక మన స్థాయి మారింది.

వాస్తవం: 2024 సెప్టెంబరులో నార్తర్న్ ఇల్లినాయ్ వెళ్లి నోటర్ డేమ్‌ను 16-14తో ఓడించింది. చిన్న జట్టు రావడానికి పెద్ద జట్టు పది లక్షల డాలర్లకు పైగా చెల్లించిన ఆట అది. ఆ తర్వాతి ఆటలోనే నార్తర్న్ ఇల్లినాయ్ బఫలో చేతిలో ఓడింది. నోటర్ డేమ్ జాతీయ ఫైనల్ దాకా వెళ్లింది.

2025-26 నుంచి విశ్వవిద్యాలయాలు ఆటగాళ్లకు నేరుగా ఆదాయంలో వాటా ఇవ్వవచ్చు. ఆ మొదటి ఏడాది ఒక్కో విశ్వవిద్యాలయానికి అన్ని క్రీడలకూ కలిపి పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు. అది గరిష్ఠం మాత్రమే, ఆ మొత్తం దరిదాపుల్లోకి రాలేని విశ్వవిద్యాలయాలు ఎన్నో ఉన్నాయి. మీ జట్టు గురించి అంచనా వేసుకునేముందు దాని కాన్ఫరెన్స్‌లో మిగతావాళ్లు ఎంత పెడుతున్నారో కనుక్కోండి. పరాయి మైదానాల్లో ఆడే ఆటలు ఎన్నో, ఎవరితోనో చూడండి. ఆగస్టులో ఆటగాళ్ల జాబితా వెలువడగానే ఆఫెన్సివ్ లైన్‌లోని (క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడే ముందు వరసలోని) ఐదు పేర్లు చదవండి. అందులో ముగ్గురు నలుగురు గత ఏడాది ఒకే వరసలో పక్కపక్కన ఆడినవాళ్లయితే మామూలు అంచనాకు ఇంకో గెలుపు కలపండి. ఐదుగురూ కొత్తవాళ్లయితే ఒకటి తగ్గించండి, క్వార్టర్‌బ్యాక్ ఎవరైనా సరే.