చలిగాలికి దొరికిన చోటు వడగాడ్పుకు ఎందుకు దొరకలేదు?

వడగాడ్పును రాష్ట్ర విపత్తుగా గుర్తించి, మృతుల కుటుంబాలకు 4 లక్షల రూపాయలు ఇస్తామని 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రకటించడంతో వడగాడ్పును కేంద్ర విపత్తు సాయం జాబితాలో చేర్చాలా వద్దా అన్న పాత తగాదా మళ్లీ పైకి వచ్చింది. అంతకుముందు ఆపద్బంధు పథకం కింద ఆ కుటుంబాలకు దక్కింది 50 వేలే. తుపానుకో వరదకో బలైన వారికి మాత్రం ఆ 4 లక్షలు ఎప్పటి నుంచో ఉన్నాయి.

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం తెలిసిందే. మలుపు ఆ చట్టంలో లేదు, 2012లో ఉంది. తుపాను, కరవు, భూకంపం, వరద, సునామీ, చివరికి చీడపీడలు కూడా ఉన్న కేంద్ర సాయం జాబితాలోకి ఆ ఏడాది శీతలగాలులు చేరాయి. అంటే జాబితా తలుపు మూసి లేదు. ఉష్ణోగ్రత వల్ల వచ్చే ముప్పు విపత్తు కాదన్న వాదనకూ అప్పుడే కాలం చెల్లింది. చలి లోపలికి వెళ్లింది, ఎండ గుమ్మం దగ్గరే ఆగింది.

మూడేళ్లకే, 2015 మే నెలలో, దేశంలో వడగాడ్పులకు రెండు వేల మందికి పైగా చనిపోయారు. అత్యధికులు రెండు తెలుగు రాష్ట్రాల వారే. పొలం పనికో, ఉపాధి పనికో వెళ్లక తప్పని వాళ్లు, వృద్ధులు. వడగాడ్పును తేల్చే కొలమానం లేదా అంటే, ఉంది. మైదానాల్లో 40, తీరంలో 37 డిగ్రీలు దాటి, సాధారణం కన్నా కనీసం 4.5 డిగ్రీలు పెరిగితే వాతావరణ శాఖ వడగాడ్పుగా ప్రకటిస్తుంది. మైదానాల్లో 45 డిగ్రీలు తాకితే ఆ తేడా కూడా చూడదు.

అదే 2015 నుంచి అమలైన 14వ ఆర్థిక సంఘం (కేంద్ర, రాష్ట్రాల మధ్య నిధుల పంపిణీని సూచించే సంఘం) సిఫారసు ఒక పక్కదారి చూపింది: రాష్ట్ర విపత్తు స్పందన నిధిలో 10 శాతం వరకు, జాబితాలో లేకున్నా రాష్ట్రమే గుర్తించిన స్థానిక విపత్తులకు వాడుకోవచ్చు. అప్పటి నుంచి జాబితా మార్చమని అడిగిన రాష్ట్రాలకు ఆ 10 శాతమే జవాబైంది. ఉన్న జాబితా రాష్ట్రాల అవసరాలను చాలావరకు తీరుస్తోందని 15వ ఆర్థిక సంఘం అభిప్రాయపడింది. కేంద్రం పార్లమెంటులో ఆ మాటనే ఉటంకించింది.

తమిళనాడు 2024లో, తెలంగాణ 2025లో పట్టుకున్నది ఆ పక్కదారినే. జాబితాలో లేని పిడుగుపాటుకు కూడా పలు రాష్ట్రాలు ఈ 10 శాతం నుంచే ఇస్తూ వచ్చాయి. ఆ వాటా అయిపోతే వడదెబ్బ మృతుల కోసం జాతీయ విపత్తు స్పందన నిధిని అడిగే వీలు ఈ ఏర్పాటులో లేదు.