సుషీని ఊరూరా తిప్పిన భూకంపం

1923 సెప్టెంబర్ 1, శనివారం. పన్నెండు కొట్టడానికి ఇంకా రెండు నిమిషాలుంది. టోక్యోలో మధ్యాహ్నం భోజనాల వేళ, ఇంటింటా పొయ్యి మీద ఏదో ఒకటి ఉడుకుతోంది. సరిగ్గా అప్పుడే టోక్యోకి నైరుతిగా ఉన్న సగామి అఖాతం దగ్గర 7.9 తీవ్రతతో భూమి కంపించింది. చెక్క ఇళ్ళు కూలాయి, బొగ్గుల కుంపట్లు బోర్లాపడ్డాయి. మందుల షాపుల్లో, కాలేజీ ల్యాబుల్లో రసాయనాల సీసాలు పగిలి అక్కడా మంటలు లేచాయి. ఆ రోజే జపాన్ అవతలి తీరంలోని నోటో ద్వీపకల్పం వైపు ఒక తుఫాను ఉండటంతో గాలి జోరుగా ఉంది. నీళ్ళ పైపులు పగిలిపోయాయి కాబట్టి ఆర్పడానికి నీళ్ళు లేవు. దాదాపు రెండు రోజులు నగరం కాలుతూనే ఉంది. చుట్టుపక్కల జిల్లాలతో కలిపి చనిపోయినవారు సుమారు 1,05,000 మంది. వాళ్ళలో ఎక్కువమందిని చంపింది కుదుపు కాదు, మంట.

కొరియన్లు బావుల్లో విషం కలుపుతున్నారని పుకారు లేచింది. ఆ అబద్ధాన్ని నమ్మిన గుంపులు, కొన్నిచోట్ల పోలీసులు, సైనికులు కూడా కలిసి వేలమందిని చంపారు. ఆ భూకంపం గురించి ఏం రాసినా ఈ మాట రాయకుండా ఉండకూడదు.

ఆ తర్వాత జపాన్‌లో పిల్లలకు నేర్పిన మొదటి పాఠం: ‘భూకంపం! మంట ఆర్పు!’ ఇప్పుడు ఆ పాఠం కాస్త మారింది. ముందు నీ ప్రాణం కాపాడుకో, కుదుపు ఆగాక స్టవ్ సంగతి చూడు అంటున్నారు. ఈ ధీమా గ్యాస్ మీటర్ వల్ల వచ్చింది. ఇంటి బయట ఉండే ఆ చిన్న పెట్టెలో కంపనాన్ని పసిగట్టే సెన్సర్ ఉంటుంది. ఒకచోట నేల ఎంత ఊగిందో చెప్పే జపాన్ కొలమానంలో సుమారు 5 స్థాయి కుదుపు రాగానే అది గ్యాస్‌ని తనంతట తానే ఆపేస్తుంది. తర్వాత లీకేమీ లేదని చూసుకుని, మీటరు మీది బటన్ నొక్కితే మళ్ళీ వంట మొదలుపెట్టొచ్చు.

ఇక తిండి సంగతి. నగరం నడిబొడ్డున నిహోంబషి వంతెన పక్కన, నది ఒడ్డున మూడు వందల ఏళ్ళుగా నడుస్తున్న చేపల మార్కెట్ బూడిదైపోయింది. అంత ఇరుకులో, ఆ మురికిలో మళ్ళీ కట్టొద్దని అధికారులు అనుకున్నారు. అలా మార్కెట్ త్సుకిజికి వెళ్ళింది. కొత్త భవనాలు 1935లో తెరుచుకున్నాయి. ప్రపంచమంతా టూరిస్టులు తెల్లవారుజామునే లేచి ట్యూనా వేలం చూడటానికి వెళ్ళిన త్సుకిజి ఇదే. 2018లో అదీ తోయోసుకి మారింది. తోయోసు సముద్రాన్ని పూడ్చి చేసిన నేల. ఆ పూడిక మొదలైందే 1923 శిథిలాలతో.

మార్కెట్ పోయాక సుషీ వంటవాళ్ళు ఏమయ్యారు? వేలితో నొక్కిన అన్నం ముద్ద మీద చేప ముక్క పెట్టి ఇచ్చే నిగిరి సుషీ అప్పటికి వందేళ్ళుగా టోక్యో వీధి తిండి, మనకి మిరపకాయ బజ్జీల బండిలాగ. ఐస్ దొరకని రోజుల్లో పుట్టింది కాబట్టి చేపని పచ్చిగా వదిలేసేవాళ్ళు కాదు. ట్యూనాని సోయా సాస్‌లో నానబెట్టేవారు, కొహాదా అనే చిన్న చేపకి ఉప్పు పట్టించి వెనిగర్‌లో వేసేవారు, అనాగో అనే పాము చేపని ఉడికించేవారు. ఉప్పేమో చేపలోని నీటిని లాగేస్తుంది, వెనిగర్ ఆమ్లత్వం పెంచుతుంది. రెండూ బాక్టీరియాకి గిట్టవు. ఇప్పుడు గొప్పగా చెప్పుకునే ఆ రుచి అసలు చేప పాడవకుండా పడ్డ పాట్ల ఫలితం.

కొట్లు కాలిపోయాక ఈ పని వచ్చినవాళ్ళు చాలామంది సొంతూళ్ళకి, వేరే నగరాలకి వెళ్ళి అక్కడ దుకాణాలు పెట్టుకున్నారు. పెట్టెలో నొక్కి చేసే సుషీ మాత్రమే ఎరిగిన ఒసాకా వైపుకి టోక్యో నిగిరి ఇలా గట్టిగా పాకింది.

అటునుంచి కూడా రాకపోకలు జరిగాయి. ఖాళీ అయిన టోక్యోకి ఒసాకా, క్యోటో వంటవాళ్ళు వచ్చారు. కౌంటర్ వెనక నిలబడి కస్టమర్ కళ్ళముందే వండే పద్ధతిని, లేత రంగు చారుని తెచ్చారు. ఆ చారుకి ప్రాణం కొంబు అనే సముద్రపు నాచు. దాని రుచి గ్లుటమేట్ వల్ల వస్తుందని 1908లో ఇకెదా కికునాయె కనిపెట్టాడు. అటువైపు నీళ్ళలో కాల్షియం తక్కువ, అందుకే నాచులోంచి రుచి తేలిగ్గా దిగుతుంది. టోక్యో నీళ్ళు కాస్త కఠినం. దాంతో ఇక్కడ ఎండబెట్టి పొగ పట్టించిన చేప తురుము, నల్లటి సోయా సాస్‌దే రాజ్యం. పైకి లేతగా కనిపించే ఒసాకా సోయాలోనే ఉప్పు ఎక్కువన్నది మాత్రం చాలామందికి తెలియదు.

అయితే సుషీ దేశమంతా పాకడాన్ని పూర్తిగా భూకంపం ఖాతాలో వేయలేం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కూడా బియ్యానికి రేషన్ కొనసాగింది, హోటళ్ళు మూయించారు. 1947లో టోక్యో సుషీ వ్యాపారులు ఒక దారి వెతికారు: మేం తిండి అమ్మడం లేదు, మీరు తెచ్చిన బియ్యంతో వండి ఇచ్చి కూలి తీసుకుంటున్నాం అన్నారు. ఒక గో, అంటే దాదాపు 150 గ్రాముల బియ్యం తెస్తే 10 ముక్కల సుషీ. ప్రభుత్వం సరేనంది. మిగతా ఊళ్ళూ అదే రూల్ పట్టుకున్నాయి, రూల్‌తో పాటు టోక్యో నిగిరిని కూడా. ఒకరికి ఒక ప్లేటు అంటే సుమారు పది ముక్కలన్న లెక్క అప్పటిదే.