‘వీరలపై’ అని పాడేది ఎవరు?

బ్రాడీపేట, గుంటూరు.

ప్రియమైన పిల్లలకు,

ప్రభువు నామంలో అమ్మమ్మ దీవెనలు.

పెళ్లికి అనుకున్న పాటల లిస్టు చిన్నోడు మొన్న రాత్రి ఫోన్లో పంపాడు. అన్నీ మొదటి నుంచి చివరి దాకా విన్నాను, కొన్ని రెండోసారి కూడా పెట్టించుకున్నాను. ‘ఎలా ఉన్నాయి అమ్మమ్మా’ అని అడిగారు. ఇది ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదనిపించి కాగితం తీశాను. మన చర్చి క్వయిర్లో నలభై ఏళ్లు పాడాను, అందులో ఎక్కువ కాలం హార్మోనియం దగ్గరే కూర్చున్నాను. ఎన్ని పెళ్లిళ్లకు వాయించానో లెక్క పెట్టుకోలేదు. చిట్టితల్లీ, ఇది నీ పెళ్లి గనక ఈ మాటలన్నీ నీ చేతిలో పెట్టాలని ఉంది. బాబూ, నువ్వు ఇంకా ఈ ఇంటి అల్లుడివి కాలేదు గానీ ఇది నీకు కూడా రాస్తున్నాను.

మీ లిస్టులో పాటలు మంచివే. కాకపోతే ప్రతి పాట దగ్గరా కాసేపు ఆగి, అందులో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో చూడండి. రెండో పాటలో ఒక మనిషి ఏకాంతంలో దేవుడితో తన కన్నీళ్లు చెప్పుకుంటున్నాడు. తెల్లవారుజామున ఒంటరిగా మోకరించినప్పుడు పాడుకోవలసిన పాట అది. మూడొందల మంది ముందు నువ్వు నడిచి వస్తుంటే అది వినిపిస్తే ఆ పాటకూ నీ నడకకూ పొత్తు కుదరదు. అయిదోదాంట్లో అబ్బాయి అమ్మాయితో మాట్లాడుతున్నాడు. అది రాత్రి రిసెప్షన్లో పెట్టుకోండి, నేనూ సంతోషంగా వింటాను.

ఇక ‘దేవర నీ దీవెనలు’. అది లేకుండా మన తెలుగు క్రైస్తవుల పెళ్లి లేదు. మీరూ పెట్టారు. కానీ దాని పక్కన ‘సోలో, ట్రాక్’ అని రాశారు, అంటే రికార్డు చేసిన వాయిద్యం మీద ఒక్కరే పాడడం. అది చూసి నా మనసు కలుక్కుమంది. ఆ పల్లవిలో ‘వీరలపై’ అనే మాట ఉంది. వీరి మీద, అంటే మీ ఇద్దరి మీద, నీ దీవెనలు ధారాళంగా దిగనివ్వు తండ్రీ అని అడుగుతున్నారు. అడిగేది ఎవరు? మీరు కాదు, మీరు తల వంచుకుని నిలబడతారు. అడిగేది మీ వెనక ఉన్నవాళ్లు. నిన్ను ఎత్తుకుని పెంచిన అత్తయ్యలు, సండే స్కూల్లో వాక్యాలు కంఠస్థం చేయించిన టీచరమ్మ, పల్లె నుంచి బస్సెక్కి వచ్చిన పెదతాతయ్య. వాళ్ల నోట్లోని పాట తీసి ఒక్కరి మైకులో పెడితే, మిగిలినవాళ్లు ఫోన్లు పైకెత్తి వీడియో తీసుకుంటూ నిలబడతారు. దీవించడానికి వచ్చినవాళ్లను చూడడానికి వచ్చినవాళ్లుగా మార్చేసినట్టు అవుతుంది.

నా పెళ్లి 1968లో, నరసరావుపేట దగ్గర మా పల్లెలో. చర్చి చిన్నది, తాటాకు పందిరి కిందే సగం జనం. బయట ఊరేగింపుకు సన్నాయి మేళం చిలకలూరిపేట వైపు నుంచి వచ్చింది. సన్నాయి పట్టినాయన ముస్లిం. మా ప్రాంతంలో తరతరాలుగా సన్నాయి వాయించే షేక్‌ల కుటుంబాలున్నాయి. దేశమంతా పేరుపొందిన షేక్ చినమౌలానా గారు ఒంగోలు పక్కన కరవదిలో పుట్టినవారే. 1977లో పద్మశ్రీ అందుకున్నారు. మా నాన్నగారి అరుగు మీద కూర్చుని ఆ సన్నాయి ఆయన మా కీర్తన వరస ఒకసారి పాడించుకుని విని, దారి పొడుగునా అదే వాయించాడు. చర్చి గుమ్మం దగ్గర మేళం ఆగింది. లోపల హార్మోనియం అందుకుంది. చదువురాని ఆడవాళ్లు కూడా పుస్తకం లేకుండా చరణాలన్నీ పాడారు. ఆ రోజు పాడినవాళ్లలో ఇవాళ ఎవరూ లేరు. వాళ్ల గొంతులు నా చెవుల్లో ఇంకా ఉన్నాయి.

మీ లిస్టులో పాత కీర్తనలు రెండే కనిపించాయి. పాతవన్న గౌరవం కోసం చేర్చమని అడగను. కానీ కొత్తవి ఎంచుకునే ముందు, ఇంట్లో ఉన్నదేమిటో ఒకసారి తెలుసుకోండి. మన లూథరన్ సంఘానికి పునాది వేసిన మిషనరీ ఫాదర్ హయ్యర్ గారు గుంటూరులో అడుగుపెట్టింది 1842 జూలై 31న. ఆ తరం నాటికే పురుషోత్తమ చౌదరి గారు తెలుగులో కీర్తనలు కడుతున్నారు. ఆయన 1803లో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, పెద్దయ్యాక క్రీస్తును నమ్ముకున్నవారు. వందకు పైగా పాటలు రాశారు. దొరల పాటకు తెలుగు మాటలు అతికించడంతో ఆగిపోలేదు. పల్లవి, అనుపల్లవి, చరణాలు అన్నీ మన పద్ధతిలో, మన రాగాల్లో కూర్చారు. మన కీర్తనల పుస్తకం తెరిచి చూడండి, పాట నెత్తిన రాగం, తాళం వేసి ఉంటాయి. స్వరాలు మాత్రం ఉండవు. వరస చెవి నుంచి చెవికి రావలసిందే.

ఆ రాగం పేరు మీకు పనికొస్తుంది. మోహన, కల్యాణి, ఆనందభైరవి అని ఉంటే సాధారణంగా పెళ్లి వాతావరణానికి ఇట్టే ఒదుగుతుంది. ముఖారి అని ఉంటే ఎంచుకునే ముందు ఒకరి చేత పాడించుకుని వినండి, మనవాళ్ల చెవికి అది దుఃఖం పలికించే రాగం. కచేరీ ముగింపుకు మధ్యమావతి ఎలాగో, మన ఆరాధన ముగింపుకు మంగళం అలాగ. చివర మంగళ కీర్తన పాడితే జనానికి ‘శుభంగా ముగిసింది’ అని ఎవరూ చెప్పక్కర్లేదు. మీ లిస్టులో మంగళం లేదు. చేర్చండి.

రాగం కంటే ముఖ్యం జ్ఞాపకం. చాలా ఏళ్ల కిందట ఒక పెళ్లికి పిల్లలు ఏరికోరి ఒక పాట పెట్టారు. మాటల్లో తప్పు లేదు, నిత్యజీవం గురించి, పరలోకపు ఇంటి గురించి. వరస కూడా చక్కనిది. కానీ మా సంఘంలో అది సమాధుల తోటలో మట్టి వేసేటప్పుడు పాడే పాట. పెళ్లికూతురి తండ్రి పోయి అప్పటికి ఏడాది కాలేదు. హార్మోనియం మీద మొదటి వరస వినపడగానే ఆ తల్లి పమిట నోటికి అడ్డం పెట్టుకుని కూలబడిపోయింది. నేనే వాయిస్తున్నాను. ముందు రోజు లిస్టు నా చేతికి వచ్చినప్పుడు నేను మాటల వరకే చూసుకున్నాను, వరసను పట్టించుకోలేదు. అందుకే చెబుతున్నా, మీ లిస్టు ఒకసారి మీ రెండు ఇళ్లలో పెద్దవాళ్లకు వినిపించండి. ‘ఈ పాట వింటే మీకేం గుర్తొస్తుంది’ అని అడగండి. సినిమా పాట వరసకు భక్తి మాటలు కట్టినవాటికీ ఇదే చిక్కు. నోరు ఒకటి పాడుతుంటే మనసు ఇంకోటి పాడుతుంది.

నువ్వు లోపలికి వచ్చేటప్పుడు వాయించమన్న ఇంగ్లీషు పెళ్లి బాణీ సంగతి. అది వాగ్నర్ అనే జర్మన్ సంగీతకారుడి ‘లోహెన్‌గ్రిన్’ నాటకంలోది, 1850లో మొదట ఆడారు. నాటకంలో అది పెళ్లికూతురు గుడిలోకి నడిచే పాట కాదు. పెళ్లయ్యాక జంటను గదికి సాగనంపుతూ పాడేది. ఆ రాత్రే ఆ కథలో ఆ పెళ్లి చెడిపోతుంది. తిరిగి వెళ్లేటప్పుడు వాయించే రెండోది మెండెల్సన్‌ది, 1842లో రాసింది. అంటే ఫాదర్ హయ్యర్ గారు మన ఊరికి వచ్చిన ఏడే. ఈ రెండోది 1858లో లండన్‌లో విక్టోరియా రాణి పెద్దకూతురి పెళ్లిలో వాయించాక లోకమంతా పాకింది. అవి వద్దని నేను పట్టుబట్టను. మీ అమ్మ పెళ్లికి నేనే వాయించాను. కానీ మన కీర్తనల్లో ఒకటి ఎంచుకుని, మాటలు లేకుండా నిదానంగా వాయిద్యం మీద వాయిస్తే, నువ్వు నడిచి వస్తుంటే జనం లోలోపల ఆ మాటలు అనుకుంటూ ఉంటారు. నా మనసు అటే ఉంది.

బాబూ, మీరు విజయవాడ సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) వాళ్లు, మేము లూథరన్లం. గంట ప్రయాణమే అయినా కృష్ణ దాటితే పాట వరస మారుతుంది. మచిలీపట్నంలో మీ సంఘానికి పునాది వేసిన ఇంగ్లండు మిషనరీలు, సి.ఎం.ఎస్. వాళ్లు, 1841లో పని మొదలుపెట్టారు, ఇక్కడ మావాళ్లు ఆ మరుసటేడు. ఒక్క పుస్తకమే, కానీ రెండు చోట్లా వేర్వేరు నోళ్లలో నలిగింది. పుస్తకంలో స్వరాలు లేకపోతే అంతే మరి. పెళ్లిలో మీవాళ్లు ఒకలా, మావాళ్లు ఒకలా పాడితే పల్లవి దగ్గరే గందరగోళం అవుతుంది. మీ క్వయిర్ నుంచి నలుగురిని ముందు శనివారం ఇక్కడికి పంపు. భోజనం మా ఇంట్లో. రెండు వరసలూ పాడి చూసుకుని, ఏది ఎక్కువ మందికి వస్తే అది పెట్టుకుందాం. మాదే ఉండాలన్న పట్టింపు నాకు లేదు.

శ్రుతి మాట మరవకండి. హార్మోనియం మెట్ల లెక్కలో మగవాళ్లకు ఒకటి, ఆడవాళ్లకు అయిదు అని పాటకులు అంటారు. సంఘమంతా కలిసి పాడాలంటే ఆ రెండింటి నడుమ సర్దుకోవాలి. మా చర్చిలో రెండున్నర దగ్గర పెడితే అందరి గొంతూ ఆడుతుంది. రికార్డు చేసిన ట్రాకులు ఆ గాయకుడి గొంతుకు కుదిరినవి. పై చరణానికి వచ్చేసరికి మన ముసలివాళ్లు నోరు మూసుకుంటారు. ట్రాకుతో ఇంకో బాధ, అది ఎవరి కోసమూ ఆగదు. నీ పట్టుచీర అంచు కాలికి తగిలి రెండు క్షణాలు నిలబడితే, మనిషి అయితే చూసి ఇంకోసారి పల్లవి తిప్పుతాడు. ముందు రోజు గుమ్మం నుంచి ఆల్టర్ దాకా నడిచి ఎంతసేపు పట్టిందో చూసుకోండి. చీర కట్టుకుని నడవాలి, జీన్సుతో కాదు.

ఒక మే నెల పెళ్లిలో పాట మధ్యలో కరెంటు పోయింది. కీబోర్డు, స్పీకర్లు, ఫ్యాన్లు అన్నీ ఒక్కసారిగా ఆగాయి. ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత ఆడవాళ్ల వైపు వెనక బెంచీ నుంచి ఒక పెద్దావిడ ఎక్కడ ఆగిందో అక్కడే అందుకుంది. తక్కినవాళ్లు కలిశారు. ఆ చెమటలో, ఆ ఉక్కలో, మూడు చరణాలు పూర్తిగా పాడారు. వాళ్లకు తెలిసిన పాట కాబట్టి అది సాగింది. అది ఆ నెలలో వచ్చిన కొత్త పాట అయ్యుంటే, జనరేటరు వచ్చేదాకా పెళ్లి ఆగి ఉండేది.

ప్రమాణాలు చెప్పేటప్పుడు, మంగళసూత్రం కట్టేటప్పుడు వెనక ఏ వాయిద్యమూ వద్దు. సన్నగా కూడా వద్దు. హిందూ పెళ్లిలో ఆ క్షణాన గట్టిమేళం మోగుతుంది, చెవిన చెడ్డమాట పడకూడదని. అది వాళ్ల పద్ధతి, దానికి దాని అందం ఉంది. మన దగ్గర మీరు పలికే మాటే పెళ్లి. వెనక బెంచీలో కూర్చున్నవాడికి కూడా అది వినపడాలి. మాట తడబడినా సరే, వినపడనివ్వండి.

సంతకాలప్పుడు మాత్రం పాట కావాలి. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం పెళ్లి చేసే పాస్టరు అయ్యగారు, మీరిద్దరూ, ఇద్దరు సాక్షులు రిజిస్టరులో సంతకాలు చేయాలి. పెన్ను వెతకడం, సాక్షిని పిలవడం, అన్నీ కలిపి పది నిమిషాలు ఇట్టే అయిపోతాయి. అప్పుడు జనం కబుర్లలో పడతారు. ఆ పది నిమిషాలు క్వయిర్ పిల్లలకివ్వండి. మీకు నచ్చిన కొత్త పాటలు, నాలుగు గొంతుల పాటలు, ఆ సోలో, అన్నీ అక్కడ హాయిగా పాడించుకోండి. వినడానికి అందరికీ తీరిక ఉండే సమయం అదొక్కటే.

వాక్యానికి బైబిల్లోని 128వ కీర్తన పెట్టుకోండని అయ్యగారు అన్నారట. ద్రాక్షావల్లి, బల్ల చుట్టూ ఒలీవ మొక్కలు, చక్కని ఎంపిక. అది చదివిన వెంటనే ఆ భావమున్న పాటే వస్తే వాక్యం మనసులో నిలుస్తుంది. మీ లిస్టులో తొమ్మిదోది అలాంటిదే, దాన్ని అక్కడికి జరపండి.

పాటలన్నీ మొత్తం ఆరుకు మించనివ్వకండి. చరణాలు అయిదున్న చోట ఏ మూడు పాడాలో ముందే కార్డు మీద అచ్చు వేయించండి. నంబరు ఒక్కటే వేస్తే చాలదు, ఇప్పుడు చాలామంది పుస్తకం తెచ్చుకోవడం లేదు, మాటలు కూడా వేయించండి. అచ్చుకు ఇచ్చే ముందు నాకు ఒకసారి చూపించండి, దీర్ఘాలు నేను సరిచేస్తాను.

చర్చిలో మూడో ఆదివారం పెళ్లి ప్రకటన అయ్యేలోపు కొత్త లిస్టు పంపండి. శనివారం ప్రాక్టీసుకు మీ తాతయ్య హార్మోనియం బయటికి తీయిస్తున్నాను. ఎడమవైపు రెండు మెట్లు పలకడం లేదు, కొత్తపేటలో బాగుచేసే ఆయనకు ఇచ్చాను, గురువారానికి ఇస్తానన్నాడు.

మీ
అమ్మమ్మ